యుద్ధం ముగిసినా దిగని కాపలా: సైనికుల మనోగాయం ఎందుకు నిలుస్తుంది, ఎలా మానుతుంది

క్లుప్తంగా: యుద్ధంలో ప్రాణం కాపాడిన అలవాట్లే ఇంటికొచ్చాక బతుకును ఇరుకున పెడతాయి. పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసులో నిలిచిపోయే గాయం)లో అసలు చిక్కు ఇదే. గాయాన్ని పచ్చిగా ఉంచేది జ్ఞాపకం కన్నా, ఆ జ్ఞాపకానికి మొహం చాటేయడం. వ్యక్తులే కాదు, సైన్యాలూ ప్రభుత్వాలూ నూరేళ్లకు పైగా చేసింది ఇదే. పనిచేసే చికిత్సలున్నాయి కానీ అందరికీ పనిచేయవు, చాలామంది వాటి దాకా రారు.

ఇరాక్ యుద్ధంలో కాన్వాయ్‌లు నడిపిన అమెరికన్ సైనికుల్లో చాలామందికి డ్రైవింగ్ అలవాట్లు ఇంటికొచ్చాక కూడా మారలేదు. రోడ్డుకు నడిమధ్యన వెళ్తారు. పక్కన ఓ చెత్త సంచి కనబడితే చటుక్కున లేన్ మారతారు. ఫ్లైఓవర్ కిందికి ఒక లేన్‌లో దూరి ఇంకో లేన్‌లో బయటికొస్తారు. ట్రాఫిక్‌లో బండి ఆగితే అరచేతులకు చెమట పడుతుంది. అక్కడ వీటన్నిటికీ కారణాలున్నాయి. బాంబులను చెత్త కుప్పల్లో, చచ్చిన జంతువుల కళేబరాల్లో దాచేవారు. వంతెన మీద కాపు కాసినవాడు బండి ఏ లేన్‌లో దూరిందో చూసుకుని, అది బయటికొచ్చే చోట దాడి చేసే వీలుంది. ఇక ఆగిన బండి తేలిగ్గా గురికి దొరుకుతుంది. ఈ జాగ్రత్తలు అలా ఒంటబట్టాయి. అదే మనిషి పక్క సీట్లో భార్యను, వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని అలాగే నడిపితే, ప్రాణం కాపాడిన విద్యే ప్రాణం మీదికి తెస్తుంది.

పాములున్న చోట ఏడాది పాటు బతికినవాడికి తాడు కనబడితే ముందు కాలు వెనక్కి పడుతుంది, ఆలోచన తర్వాత వస్తుంది. యుద్ధానంతర మనోగాయాన్ని పిరికితనంగానో మానసిక బలహీనతగానో చూసినవాళ్లు గమనించనిది ఈ సంగతే. ఆ సైనికుడు నేర్చుకున్న పాఠంలో తప్పు లేదు. చోటు మారినా ఆ పాఠం చెరగకపోవడమే ఇబ్బంది.

ఒంట్లో జరిగేది

ప్రమాదాన్ని పసిగట్టే పని మెదడులో అమిగ్డలా అనే బాదం గింజంత భాగానిది. దానికి తర్కంతో పనిలేదు, పోలిక చాలు. డీజిల్ వాసన, కాలిన వాసన, హెలికాప్టర్ రెక్కల చప్పుడు, దఢాలున పడిన తలుపు... ఒకప్పుడు ప్రాణాపాయంతో ముడిపడ్డ ఏ ఆనవాలు తగిలినా గంట కొట్టేస్తుంది. గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుస్తాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. ‘అది టపాసు, ఫిరంగి కాదు’ అని సర్దిచెప్పాల్సింది నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్. జరిగినదానికి చోటూ తేదీ వేసి దాచిపెట్టాల్సింది హిప్పోక్యాంపస్. పీటీఎస్‌డీ ఉన్నవారిలో మొదటిది అతిగా స్పందించడం, రెండోది దాన్ని అదుపు చేయలేకపోవడం, మూడోది పరిమాణంలో కొంత చిన్నగా ఉండటం మెదడు స్కానింగ్ అధ్యయనాల్లో తరచూ కనిపించాయి. తేదీ పడని జ్ఞాపకం ‘అప్పుడు జరిగింది’ అన్నట్టు రాదు. ఇప్పుడే జరుగుతున్నట్టు వస్తుంది.

హిప్పోక్యాంపస్ విషయంలో ఓ మెలిక ఉంది. యుద్ధపు ఒత్తిడే దాన్ని కుదించిందని చాలాకాలం అనుకున్నారు. 2002లో పరిశోధకుడు మార్క్ గిల్బర్ట్‌సన్ బృందం వియత్నాం వెళ్లొచ్చిన సైనికులను, యుద్ధానికి వెళ్లని వాళ్ల కవల సోదరులను పోల్చి చూసింది. తీవ్రమైన పీటీఎస్‌డీ ఉన్న సైనికుడికే కాదు, ఇంటిపట్టునే ఉన్న అతని కవలకూ హిప్పోక్యాంపస్ చిన్నదే. అంటే కొంతమందికి ఆ తేడా ముందునుంచే ఉండి, గాయం లోతుగా దిగడానికి దారి ఇచ్చి ఉండవచ్చు. ఒకే ట్రెంచ్ (కందకం)లో పక్కపక్కన ఉన్న ఇద్దరిలో ఒకరు కోలుకుని ఒకరు కోలుకోకపోవడానికి ఇది ఒక కారణం. ఒక్కటే కారణం కాదు.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో సవరించిన కొలమానం ప్రకారం లక్షణాలు నాలుగు రకాలు: పిలవకుండా వచ్చిపడే జ్ఞాపకాలూ పీడకలలూ, వాటిని గుర్తుచేసే మనుషులనూ చోట్లనూ తప్పించుకోవడం, ఆలోచనల్లో భావాల్లో చెడు మార్పులు, ఎప్పుడూ ముళ్ల మీద ఉన్నట్టుండటం. ఇవి నెల దాటి సాగి, బతుకుకు అడ్డుపడితేనే పీటీఎస్‌డీ. యుద్ధం నుంచి వచ్చిన తొలి వారాల్లో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం దాదాపు అందరికీ ఉండేవే. చాలామందిలో అవి వాటంతటవే తగ్గుతాయి.

తగ్గకుండా నిలబెట్టేది రెండో రకం, అంటే తప్పించుకోవడం. రద్దీగా ఉన్న హాల్లోకి అడుగు పెట్టగానే ఓ మాజీ సైనికుడికి ఊపిరాడనట్టవుతుంది. వెంటనే బయటికొచ్చేస్తాడు. రెండు నిమిషాల్లో గుండె నెమ్మదిస్తుంది. ఆ హాయిని మెదడు ఎలా లెక్కేసుకుంటుందంటే, ‘లోపల నిజంగానే ప్రమాదం ఉంది, బయటికొచ్చాను కాబట్టే బతికాను.’ మరునాడు గుమ్మం దాకా కూడా పోబుద్ధి కాదు. ఆ తర్వాత పెళ్లిళ్లు, సినిమాలు, పిల్లల బడి కార్యక్రమాలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ప్రమాదం లేదని తెలుసుకునే అవకాశం వచ్చిన ప్రతిసారీ అతను అక్కడ ఉండడు. మద్యం చేసే పనీ ఇదే. ఆ రాత్రికి కళ్లు మూతపడతాయి, నిద్ర మాత్రం ముక్కలవుతుంది, తెల్లారేసరికి జ్ఞాపకం ఎక్కడిదక్కడే ఉంటుంది.

పేరు పెట్టడానికి సైన్యాలు ఎందుకు జంకాయి

అమెరికా అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికుల్లో గుండెదడ, ఆయాసం, ఛాతీనొప్పి చూసిన వైద్యుడు జేకబ్ డకోస్టా 1871లో దాన్ని గుండె జబ్బుగా నమోదు చేశాడు. గుండెలో లోపమేదీ దొరకలేదు. మనసు సంగతి ఎత్తకుండా ఒంటి సంగతిగా చెప్పే ఈ పద్ధతి తర్వాతి కాలంలోనూ సాగింది.

మొదటి ప్రపంచ యుద్ధం దాన్ని దాచలేని స్థాయికి తెచ్చింది. 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మైయర్స్ అనే వైద్యుడు ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ముగ్గురు సైనికుల గురించి రాస్తూ ‘షెల్ షాక్’ అనే మాటను వైద్యంలోకి తెచ్చాడు. అప్పటికే ట్రెంచ్‌లలో సైనికుల నోట నలుగుతున్న మాట అది. పక్కనే పేలిన ఫిరంగి గుండు తాకిడికి నరాలు దెబ్బతిన్నాయన్నది తొలి వివరణ. తీరా చూస్తే పేలుడు దరిదాపుల్లో లేనివాళ్లకూ మాట పడిపోతోంది, కాళ్లు వణుకుతున్నాయి, చూపు పోతోంది. దాంతో బ్రిటిష్ సైన్యం ఒకే లక్షణాలున్నవాళ్లను రెండుగా విడగొట్టింది. శత్రువు పేల్చిన గుండు వల్ల వస్తే ‘గాయం’, లేకపోతే ‘జబ్బు’. గాయమని రాస్తే చొక్కా చేతికి గాయపు గుర్తు, పింఛనుకు అర్హత. జబ్బని రాస్తే ఆ రెండూ లేవు. కాగితం మీద ఒక్క అక్షరం తేడా.

1917లో ఆ మాట వాడకాన్నే కట్టడి చేస్తూ, ‘ఇంకా నిర్ధారించని నరాల సమస్య’ అని రాయమని ఆదేశం వచ్చింది. యుద్ధం ముగిశాక 1922లో ప్రభుత్వ కమిటీ కూడా షెల్ షాక్ అనే పేరును వదిలేయాలనే సిఫార్సు చేసింది. అప్పటికి బ్రిటిష్ సైన్యంలో ఆ బాధతో చికిత్స పొందినవాళ్లు దాదాపు 80,000 మంది. పేరు తీసేస్తే రోగులు తగ్గుతారని అధికారులు నిజంగానే నమ్మి ఉండవచ్చు. ఆ నమ్మకం రద్దీ హాలు నుంచి బయటికొచ్చేసిన మనిషి లెక్కకు భిన్నమైనదేమీ కాదు.

ఈ తప్పించుకోవడానికి ప్రాణాలతో మూల్యం చెల్లించినవాళ్లున్నారు. హ్యారీ ఫార్ అనే బ్రిటిష్ సైనికుడు 1915లో షెల్ షాక్‌తో నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. తిరిగి ముందువరసకు పంపారు. 1916లో ఇక వెళ్లలేనన్నాడు. కొద్ది నిమిషాల్లో ముగిసిన సైనిక విచారణలో పిరికితనం నేరం కింద మరణశిక్ష వేసి, అక్టోబరులో తుపాకులతో కాల్చి చంపారు. భార్యకు పింఛను ఆపేశారు. ఆ సిగ్గుతో కుటుంబం దశాబ్దాల పాటు నోరు విప్పలేదు. పారిపోవడం, పిరికితనం వంటి నేరాలకు అలా మరణశిక్ష పొందిన 306 మంది బ్రిటిష్, కామన్వెల్త్ సైనికులకు 2006లో మరణానంతర క్షమాభిక్ష దక్కింది.

రెండో ప్రపంచ యుద్ధంలో మాట మారింది: ‘పోరాట అలసట’. అలసటకు సిగ్గుపడక్కర్లేదు, విశ్రాంతితో పోతుందన్న ఆశా ఉంటుంది. అయినా 1943 ఆగస్టులో సిసిలీలోని సైనిక ఆస్పత్రుల్లో ఇద్దరు సైనికులను అమెరికన్ జనరల్ ప్యాటన్ పిరికివాళ్లంటూ చెంపదెబ్బలు కొట్టాడు. అతని పైఅధికారి ఐసెన్‌హోవర్ మందలించి క్షమాపణ చెప్పించాడు. ఫ్రాన్స్‌లోని నార్మండీ పోరాటాల అనుభవంతో స్వాంక్, మార్షాండ్ అనే వైద్యులు 1946లో వేసిన అంచనా, ధైర్యం మీద అప్పటిదాకా ఉన్న వాదాన్ని తలకిందులు చేసింది. 60 రోజులు ఎడతెగని పోరాటంలో ఉంటే, బతికి ఉన్నవాళ్లలో 98 శాతం మంది మానసికంగా కుప్పకూలతారని ఆ అంచనా. అదే ఏడాది సినీ దర్శకుడు జాన్ హ్యూస్టన్ అమెరికా సైన్యం కోసం, సైనిక ఆస్పత్రిలోని రోగులతో తీసిన డాక్యుమెంటరీని ఆ సైన్యమే తొక్కిపెట్టింది. జనం దాన్ని చూసేసరికి 1980 దశకం వచ్చింది.

విచిత్రంగా, వియత్నాం యుద్ధం ముదురుపాకాన ఉన్న 1968లోనే అమెరికా మానసిక వైద్యుల అధికారిక జాబితా నుంచి యుద్ధపు ఒత్తిడికి సంబంధించిన పాత రోగనిర్ధారణను తీసేశారు. దాన్ని తిరిగి తెప్పించింది ప్రొఫెసర్లు మాత్రమే కాదు. 1970 నుంచి న్యూయార్క్‌లో మాజీ సైనికులు తమలో తాము గుంపులుగా కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఛైమ్ షతాన్, రాబర్ట్ లిఫ్టన్ వంటి వైద్యులు వాళ్ల మధ్య కూర్చుని విన్నారు. 1979లో ఆస్పత్రి ఆవరణకు బయట, మామూలు వీధుల్లో, మాజీ సైనికులకు సాయపడే ‘వెట్ సెంటర్లు’ తెరవడానికి అమెరికా కాంగ్రెస్ ఒప్పుకుంది. 1980లో పీటీఎస్‌డీ జాబితాలోకి ఎక్కింది.

కథ ఒక చోట వెనక్కి తిరిగింది కూడా. పేలుడు తాకిడికి గురైన సైనికుల మెదళ్లను మరణానంతరం పరీక్షించి డేనియల్ పెర్ల్ బృందం 2016లో ఒక ప్రత్యేకమైన మచ్చల తీరును గుర్తించింది. ఫిరంగి గుండు నరాలను నిజంగానే దెబ్బతీస్తుందన్న 1915 నాటి ఊహలో కొంత నిజముందన్నమాట. కొందరిలో మనోగాయం, మెదడు గాయం రెండూ కలిసే ఉంటాయి. నిద్రలేమి, చిరాకు, మతిమరుపు రెండింటిలోనూ కనబడతాయి కాబట్టి విడదీయడం కష్టమవుతోంది.

అంకెలు ఎందుకు కలవవు

ఎంతమంది సైనికులకు పీటీఎస్‌డీ వస్తుందంటే ఒక్క అంకెతో జవాబు లేదు. వియత్నాం వెళ్లొచ్చిన పురుషుల్లో జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు 30.9 శాతం మందికి, సర్వే నాటికి 15.2 శాతం మందికి ఉందని 1980ల చివరి జాతీయ అధ్యయనం తేల్చింది. అదే సమాచారాన్ని 2006లో సైనిక రికార్డులతో సరిచూసి, ఎంత ఇబ్బంది పెడుతోందన్న కొలత బిగించి లెక్కిస్తే ఆ అంకెలు 18.7, 9.1 శాతానికి దిగాయి. సైనికులు వాళ్లే. కొలబద్ద మారింది.

ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల్లో అమెరికన్ల కన్నా బ్రిటిష్ సైనికుల్లో రేటు తక్కువని తొలి అధ్యయనాలు చెప్పాయి. దీనికి జాతీయ స్వభావాలు వెతికినవాళ్లున్నారు కానీ, అంతకన్నా మామూలు కారణాలే బలంగా కనిపిస్తాయి. యుద్ధభూమిలో బ్రిటిష్ సైనికుల విధి మామూలుగా ఆరు నెలలు, అమెరికన్లది ఏడాది, ఒక దశలో 15 నెలలు. అమెరికా రిజర్వు సైనికులనూ పెద్ద ఎత్తున వాడింది. బ్రిటిష్ సైన్యం లోపలే చేసిన 2007 నాటి అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. మూడేళ్లలో 13 నెలలు, అంతకు మించి దేశం బయట విధుల్లో గడిపినవాళ్లలో పీటీఎస్‌డీ ఎక్కువ. ముందు చెప్పిన గడువు కన్నా విధి పొడిగిస్తే కూడా ఎక్కువే. మనిషి రోజులు లెక్కపెట్టుకుంటూ ఓపికను సర్దుకుంటాడు. ఆ లెక్క తప్పించడం దానికదే ఒక దెబ్బ.

సగటు దాచేది ఇంకోటి ఉంది. 2018లో వెలువడిన బ్రిటిష్ అధ్యయనంలో మొత్తం మీద రేటు 6 శాతం. ఆ రెండు యుద్ధాల్లో పోరాట విధులు చేసి సైన్యం నుంచి బయటికొచ్చినవాళ్లలో మాత్రం 17 శాతం. సహాయక విధుల్లో ఉండి బయటికొచ్చినవాళ్లలో 6 శాతం. పోరాడటమే కాదు, యూనిఫాం విప్పడమూ ఈ తేడాలో భాగమై ఉండవచ్చు. బాధ ఉన్నవాళ్లే ముందుగా సైన్యం విడిచిపెడతారన్న వివరణ కూడా కొట్టిపారేయదగ్గది కాదు.

ఆత్మహత్యల లెక్కల్లో అతిశయోక్తి మరీ తేలిగ్గా పాకుతుంది. 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్లాండ్స్ యుద్ధంలో చనిపోయినవాళ్ల కన్నా ఆ తర్వాత ఆత్మహత్య చేసుకున్న బ్రిటిష్ సైనికులే ఎక్కువన్న మాట ఏళ్ల తరబడి పత్రికల్లో తిరిగింది. యుద్ధంలో 255 మంది చనిపోయారు. 2013లో రక్షణ శాఖ దాదాపు 26,000 మంది మాజీల రికార్డులు తీసి చూస్తే ఆత్మహత్యలు, కారణం తేలని మరణాలు కలిపి 95. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ 2022లో 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారు, రోజుకు సగటున 17.6 మంది. ఆ అంకె నిజమే అయినా అందులో అందరూ యుద్ధం చూసినవాళ్లు కారు, అందరికీ పీటీఎస్‌డీ లేదు. ‘మాజీ సైనికుడంటే ఎప్పుడు పేలతాడో తెలియని మనిషి’ అనే ముద్ర ఇలాంటి లెక్కల నుంచే పుడుతుంది. ఉద్యోగం ఇచ్చేవాడు జంకుతాడు. సాయం అడగాల్సినవాడు ఆ ముద్రకు భయపడి అడగడు. ఇరాక్ యుద్ధం మొదట్లో, 2004లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, మానసిక సమస్య ఉన్నట్టు తేలిన అమెరికన్ సైనికుల్లో వైద్యసాయం కోరినవాళ్లు 23 నుంచి 40 శాతమే.

భయం కాదు, తప్పు చేశానన్న బాధ

పైన చెప్పిన యంత్రాంగమంతా భయం చుట్టూ తిరిగేది. యుద్ధం మిగిల్చే గాయాలన్నీ భయం నుంచి రావు. చెక్‌పోస్టు దగ్గర ఆగమన్నా ఆగని కారుపై కాల్పులు జరిపి, దగ్గరికెళ్లి చూస్తే అందులో ఓ కుటుంబం ఉంటే, ఆ సైనికుడిని ఆ తర్వాత వెంటాడేది తన ప్రాణం పోతుందన్న భయం కాదు. నిబంధనల ప్రకారం అతను చేసింది తప్పు కాదని విచారణ తేల్చినా ఆ బాధ దిగదు. బోస్టన్‌లో వియత్నాం మాజీలకు వైద్యం చేసిన జోనథన్ షే దీన్ని 1990ల్లో ‘నైతిక గాయం’ అన్నాడు. నమ్మిన అధికారి చేసిన ద్రోహం వల్ల తగిలే గాయంగా ఆయన దాన్ని చూశాడు. 2009లో బ్రెట్ లిట్జ్, సహచరులు దాని పరిధిని పెంచారు. తాను చేసినది, ఆపలేకపోయినది, కళ్లారా చూసినది కూడా అందులోకి వచ్చాయి. మాట కొత్తది. కురుక్షేత్రం గెలిచాక, కర్ణుడు తోడబుట్టినవాడని తెలిసి రాజ్యమే వద్దన్న ధర్మరాజు కథ ఎరిగినవాళ్లకు సంగతి కొత్తది కాదు.

ఈ తేడా వైద్యంలో అక్కరకొస్తుంది. ‘నీ తప్పేం లేదు’ అనడం భయంతో ఉన్నవాడికి ఊరట. నైతిక గాయం ఉన్నవాడికి అది తన మాట వినకుండా తలుపు మూసేయడంలా అనిపించవచ్చు. తప్పు కొంత నిజంగానే ఉన్నప్పుడు దాన్ని తూకం వేసి, ఎంత తనది, ఎంత ఆ పరిస్థితిది, ఎంత ఆజ్ఞ ఇచ్చినవాళ్లది అని విడదీయాల్సి వస్తుంది. దీని మీద చికిత్సా పద్ధతులు ఇంకా తయారవుతున్న దశలోనే ఉన్నాయి.

చికిత్స గదిలో

పీటీఎస్‌డీకి ఎక్కువ ఆధారాలున్నది మందులకు కాదు, జ్ఞాపకంతో నేరుగా తలపడే మాటల చికిత్సలకు. ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రోలాంగ్డ్ ఎక్స్‌పోజర్ పద్ధతిలో ఆ మనిషి కళ్లు మూసుకుని, జరిగినదాన్ని వర్తమాన కాలంలో చెబుతాడు. ‘తలుపు తీస్తున్నాను, దుమ్ము కమ్ముకుంది, అతని పేరు పెట్టి పిలుస్తున్నాను...’ చివరికి వచ్చాక మళ్లీ మొదటి నుంచి. అది రికార్డవుతుంది. ఇంటికెళ్లి రోజూ దాన్నే వినాలి. మొదటి వారం అది నరకం. చాలామంది అక్కడే మానేస్తారు. నిలబడినవాళ్లలో కొన్ని వారాలకు జరిగేది ఒక రకంగా నీరసమైన మార్పు: అదే కథ పదిహేనోసారి వింటే విసుగొస్తుంది. విసుగు రావడమంటే అమిగ్డలా గంట కొట్టడం మానేసిందనే. చెప్పే వివరాలు కూడా మారతాయి. మొదట్లో కేవలం పేలుడే ఉన్న కథలో, ఆ తర్వాత తాను ఇద్దరిని బయటికి లాగిన సంగతి కూడా వచ్చి చేరుతుంది. అది ముందునుంచీ ఉన్నదే, తప్పించుకు తిరగడంలో అదీ కనుమరుగైంది.

ప్యాట్రీషియా రెసిక్ పద్ధతి, కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, సుమారు 12 సెషన్లలో ఒక్కో నమ్మకాన్ని పట్టుకుంటుంది. ‘ఆ రోడ్డు ఎంచుకోకపోతే వాడు బతికేవాడు’ అన్నది అలాంటిదొకటి. ఆ రోజు ఉదయం నీకు తెలిసినదేంటి? రెండో రోడ్డు గురించి వచ్చిన సమాచారమేంటి? ఇప్పుడు తెలిసినదాన్ని అప్పటి నీకు తెలిసి ఉండాలని ఎందుకంటున్నావు? ఓదార్పు కన్నా క్రాస్ ఎగ్జామినేషన్‌కే ఇది దగ్గర. కంటి కదలికలతో చేసే ఈఎండీఆర్‌కు కూడా ఆధారాలున్నాయి. కళ్లు కదపడం వల్ల కలిసొచ్చేది ఎంతన్నదే వాదన.

ఈ చికిత్సలను ఆకాశానికెత్తకపోవడం మంచిది. సైనికుల మీద జరిగిన ప్రయోగాలను సమీక్షించిన 2015 నాటి ‘జామా’ వైద్య పత్రిక వ్యాసం ప్రకారం ఫోవా, రెసిక్ పద్ధతుల్లో సగం నుంచి 70 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగుదల వచ్చింది. అయినా చికిత్స ముగిసేసరికి దాదాపు మూడింట రెండొంతుల మంది పీటీఎస్‌డీ నిర్ధారణ పరిధిలోనే ఉన్నారు. రాత్రికి మూడుసార్లు లేచేవాడు వారానికి మూడుసార్లు లేస్తున్నాడంటే పెద్ద మార్పే. జబ్బు పోయిందని మాత్రం అనలేం.

మందుల సంగతి ఇంకా పరిమితం. అమెరికాలో పీటీఎస్‌డీకి అనుమతి ఉన్నవి సెర్ట్రలీన్, పారోక్సెటీన్ రెండే. పీడకలలకు ప్రజోసిన్ మీద పెట్టుకున్న ఆశలను 2018లో మాజీ సైనికుల మీద జరిగిన పెద్ద ప్రయోగం నీరుగార్చింది. నిద్ర కోసం ఇచ్చే బెంజోడయాజిపీన్‌లు వద్దని అమెరికా సైనిక వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. అవి కూడా మద్యంలాగే తప్పించుకునే దారులు. ఎండీఎంఏ అనే మత్తుమందుతో కలిపి చేసే చికిత్సను 2024 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తిరస్కరించింది. ఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఒక్కసారి మాట్లాడించే ‘డీబ్రీఫింగ్’ కూడా పీటీఎస్‌డీని ఆపలేదని తేలింది. మాట్లాడించడం మంచిదే కదా అనుకుంటాం. ఇంకా రక్తం ఆరని గాయాన్ని కెలకడానికీ, మానని పుండును శుభ్రం చేయడానికీ తేడా ఉంది.

తిరుగు ప్రయాణం

1945లో ఐరోపా నుంచి, పసిఫిక్ నుంచి అమెరికన్ సైనికులు చాలావరకు ఓడల్లో, తమతో పాటు పోరాడినవాళ్లతోనే రోజులు వారాలు గడుపుతూ తిరిగొచ్చారు. డెక్ మీద కబుర్లలో సగం యుద్ధం నెమరుకొచ్చింది. వియత్నాం నుంచి ఎవరి ఏడాది ముగిస్తే వాళ్లు ఒంటరిగా విమానమెక్కారు. అడవిలో తుపాకీ దించిన రెండు రోజులకు సొంత ఊళ్లో ఉన్నవాళ్లున్నారు. రెండు యుద్ధాల ఫలితాల మధ్య తేడాకు ఇదే కారణమని రుజువు చేయడం కష్టం. సైన్యాలు మాత్రం పాఠం తీసుకున్నాయి. 2002లో అఫ్గానిస్థాన్ నుంచి తిరిగొస్తున్న కెనడా దళాన్ని పసిఫిక్ దీవి గువామ్‌లో కొన్నాళ్లు ఆపి ఇంటికి పంపారు. బ్రిటన్ తన దళాలను సైప్రస్‌లో ఒకటిన్నర రోజు ఆపే పద్ధతి పెట్టింది. దీనివల్ల లాభం స్వల్పమేనని తేలింది. ఒకటిన్నర రోజుకు అంతకన్నా ఆశించడం కూడా అత్యాశే.

గట్టి ఫలితాలు ఇంకోచోట కనిపిస్తాయి. 1982 లెబనాన్ యుద్ధంలో కుప్పకూలిన ఇజ్రాయెల్ సైనికులను 20 ఏళ్ల తర్వాత పరిశీలిస్తే, ముందువరసకు దగ్గర్లోనే, తోటివాళ్లకు దూరం చేయకుండా, ‘తిరిగి వస్తావు’ అన్న భరోసాతో చికిత్స పొందినవాళ్లు మిగతావాళ్ల కన్నా మెరుగ్గా ఉన్నారు. అంతర్యుద్ధం తర్వాత మొజాంబిక్ పల్లెల్లో బాల సైనికులను ఊళ్లోకి తీసుకునే ముందు, యుద్ధంలో తొడిగిన బట్టలను తగలబెట్టి, ఒళ్లు కడిగించే క్రతువులు జరిగేవి. 2002లో యుద్ధం ముగిసిన సియెరా లియోన్‌లో బాల సైనికులను ఏళ్ల తరబడి అనుసరించిన తెరెసా బెటాన్‌కోర్ట్ పరిశోధనలో, చూసిన హింస ఎంతన్నదానితో పాటు, ఊరు వాళ్లను ఎలా చూసిందన్నది కూడా కోలుకోవడాన్ని నిర్ణయించింది. ఊరు ఆదరించిన చోట పిల్లలు నిలదొక్కుకున్నారు. వేలెత్తి చూపిన చోట ఆందోళన, కోపం ముదిరాయి.

ఇంట్లోవాళ్ల పాత్ర ఇక్కడ సున్నితమైనది. భర్త ఉలిక్కిపడతాడని టీవీ సౌండ్ తగ్గించడం, చుట్టాల పిలుపులకు సాకులు చెప్పడం, పిల్లల్ని ‘నాన్న దగ్గర అల్లరి చేయకండి’ అని దూరం పెట్టడం అన్నీ ప్రేమతో చేసేవే. వాటన్నిటి ఫలితం మాత్రం ఇల్లు మొత్తం తప్పించుకోవడంలో భాగం కావడమే. జంటగా చేసే చికిత్సలు అందుకే వచ్చాయి. అందులో మొదటి పని, ఈ సాకులను ఒక్కొక్కటిగా, ఇద్దరూ ఒప్పుకుని, మానుకోవడం.

యుద్ధం ఆగని చోట

బయటపడటానికి దశాబ్దాలు పట్టే గాయాలూ ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడి, తర్వాత నలభై ఏళ్లు ఉద్యోగంలో తలమునకలైనవాళ్లలో కొందరికి రిటైరయ్యాక, భార్య పోయాక, తొలిసారి పీడకలలు మొదలయ్యాయి. పనిలో పడి ఉండటం కూడా తప్పించుకోవడమే. దానికి జీతం వస్తుంది, మెచ్చుకోలూ దొరుకుతుంది, అంతే తేడా. ఇప్పుడు ముగుస్తున్న యుద్ధాలకు వైద్య ఖర్చు లెక్కవేసేవాళ్లు 2060 దాకా చూడాల్సి రావడం ఇందుకే.

ఇప్పటి చికిత్సలన్నీ ఒక ఊహ మీద నిలబడ్డాయి: ప్రమాదం గతంలో ఉంది. థెరపిస్టు పదే పదే చెప్పే మాట అదే, ‘అది అయిపోయింది, ఇప్పుడు నువ్వు ఇక్కడున్నావు.’ ఉక్రెయిన్‌లో 2022 నుంచి పోరాడుతున్నవాళ్ల విషయంలో ఈ ఊహ నిలవదు. 36 నెలలు పనిచేసినవాళ్లను సైన్యం నుంచి విడుదల చేయాలన్న నిబంధనను 2024 ఏప్రిల్‌లో ఆమోదించిన సైనిక సమీకరణ చట్టం ముసాయిదా నుంచి చివరి నిమిషంలో తొలగించారు. గడువు తెలియని విధి మనిషిని ఎలా అరగదీస్తుందో 2007 నాటి బ్రిటిష్ అధ్యయనం, చాలా చిన్న స్థాయిలో, ముందే చూపింది. సెలవు మీద ఇంటికొచ్చిన అక్కడి సైనికుడు డ్రోన్ మోత లాంటి చప్పుడు వినబడితే నేలకు అంటుకుపోతాడు. పది రోజుల తర్వాత ట్రెంచ్‌లో అతన్ని బతికించేది ఆ అలవాటే. దాన్ని ఇప్పుడే వదులుకోమని ఏ థెరపిస్టూ అడగలేడు.